ఒళ్ళు తగ్గింది, తోలు మిగిలింది

"ప్యాంటు నడుం ఎక్కడ పెట్టమంటారండీ? మడత పైనా, కిందా?"

టేపు పట్టుకుని మా టైలర్ అడిగిన మాట ఇది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఇరవై ఏళ్ళుగా నా కొలతలు తీస్తున్న మనిషి. పొట్ట మీద వేలాడే తోలు మడతకి పైన కడితే ప్యాంటు దాదాపు ఛాతీ దాకా వస్తుంది. కింద కడితే బెల్టు మీదికి తోలు వాలి, సాయంత్రానికి బకిల్ అచ్చు ఎర్రగా పడి ఉంటుంది. ఏం చెప్పాలో తోచలేదు. తెచ్చిన రెండు ప్యాంటు గుడ్డల్నీ మళ్ళీ సంచిలో పెట్టుకుని "తర్వాత వస్తాలే" అని బయటపడ్డాను. ఆ రాత్రే మా ఆవిడ దగ్గర మొదటిసారి ఈ తోలు తీయించుకునే ఆపరేషన్ మాట ఎత్తాను. నిరుడు ఆగస్టు సంగతి.

మాది రాజమండ్రి. బ్యాంకు ఉద్యోగం, వయసు 44. 2023 నవంబరు నాటికి నా బరువు 128 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 43 దాటింది. షుగర్ వచ్చేసింది. రాత్రి గురకలో ఊపిరి ఆగిపోతుంటే ముక్కుకి మిషన్ తగిలించుకుని పడుకునేవాణ్ణి. హైదరాబాద్‌లో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. కడుపు సంచిలో చాలాభాగం నిలువునా కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. ఏడాదిన్నరలో 49 కిలోలు తగ్గి 79 దగ్గర ఆగాను. షుగర్ మాత్రలు మానేశాను, మిషన్ అటకెక్కింది. మా బ్రాంచిలో ఒక పాత కస్టమరు నా టేబుల్ ముందు కూర్చుని, "ఇక్కడ లావుపాటి సారుండేవారు, ట్రాన్స్‌ఫరయ్యారా?" అని నన్నే అడిగాడు. ఆ ముక్క ఆ వారమంతా కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

చొక్కా వేసుకుని ఉన్నంతసేపే ఆ సంబరం.

దూది తీసేసిన దిండు గలేబు ఎలా ఉంటుందో నా పొట్ట అలా ఉంది. నిలబడితే బొడ్డు కింద నుంచి మడత జారి ముందుకు వేలాడుతుంది. వంగితే మొత్తం కిందికి వచ్చేస్తుంది. పక్కకి తిరిగి పడుకుంటే నాకంటే ముందు అది పరుపు మీద పడుకుంటుంది. మెట్లు గబగబా దిగితే చప్పుడు కూడా చేస్తుంది, నాకు మాత్రమే వినిపించే చప్పుడు. స్నానం చేసేటప్పుడు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ఇంకో చేత్తో సబ్బు రాయాలి. తుడుచుకున్నా తడి ఆరదు. అందుకని మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్‌ని చల్లగాలి మీద పెట్టి మడత కింద ఆరబెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు తలుపు గడియ వేయడం మరిచాను. మా అమ్మాయి తలుపు తీసి, చూసి, మళ్ళీ మూసేసింది. తర్వాత నాకోసం వేరే డ్రయ్యర్ ఆర్డర్ పెట్టింది. మేమిద్దరం దాని గురించి ఇంతవరకు మాట్లాడుకోలేదు.

వేసవి ఇంకో కథ. మా ఊళ్ళో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. మడత లోపల చెమట పట్టి, తోలూ తోలూ ఒరుసుకుని ఎర్రగా పొక్కిపోతుంది. దాని మీద ఫంగస్. దురద ఒకెత్తు, వాసన ఇంకొకెత్తు. కౌంటర్లో పక్క సీటావిడ ముక్కు దగ్గర కర్చీఫ్ పెట్టుకుంటే, ఆవిడకి జలుబని తెలిసి కూడా నా గుండె జారిపోయేది.

అదే వేసవిలో అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేయించుకున్నాం. పంచె కట్టుకుని, ఉత్తరీయం కప్పుకుని, మా ఆవిడ పక్కన పీట మీద కూర్చున్నాను. కథ మూడో అధ్యాయంలో ఉంది. అక్షతలు వేయడానికి ముందుకి వంగితే ఉత్తరీయం జారింది. చుట్టూ పదుల జంటలు, అందరి చూపూ కలశం మీదే ఉంది, నన్నెవరూ చూసి ఉండరు. అయినా మిగతా కథంతా మోచేతులు రెండూ పొట్టకి అదుముకునే విన్నాను. 2015 పుష్కరాల్లో ఒళ్ళు చూసుకుని సిగ్గుపడి బనీనుతోనే గోదాట్లో మునిగినవాణ్ణి. ఇంత తగ్గాక కూడా అదే సిగ్గేమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

మొదట అందరూ చెప్పినవన్నీ చేశాను. "ఇంకొంచెం నడవరా, అదే లాగుతుంది" అన్నారు. గోదావరి గట్టు మీద రోజూ ఆరు కిలోమీటర్లు నడిచాను. జిమ్‌లో కుర్రాడు ప్లాంకులు వేయించాడు. పొట్ట కండరం గట్టిపడిన మాట నిజమే, కానీ దాని మీద తోలు ఎప్పటిలాగే వేలాడింది. మా అమ్మ నువ్వులనూనె వెచ్చచేసి ఇచ్చింది. ఆన్‌లైన్లో కొన్న క్రీముకి అయిన డబ్బు ఇక్కడ రాయను, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

రాష్ కోసం వెళ్తే చర్మం డాక్టరుగారు క్రీము, పౌడరు రాసిచ్చి ఒక మాటన్నారు. "మందు రాసినన్నాళ్ళు తగ్గుతుందండి. మడత ఉన్నన్నాళ్ళు మళ్ళీ వస్తుంది. మిగిలింది కొవ్వు కాదు, చర్మం. ఏళ్ళ తరబడి సాగి సాగి, దాన్ని లోపల పట్టి ఉంచే కొల్లాజెన్, ఎలాస్టిన్ తెగిపోయాయి. నడిస్తే కొవ్వు కరుగుతుంది గానీ తెగిన రబ్బరు అతుక్కోదు కదా." ఒకసారి ప్లాస్టిక్ సర్జన్‌ని కలవమని చెప్పారు. ఇంత సూటిగా చెప్పిన మొదటి మనిషి ఆయనే.

నేను మాత్రం సర్జన్ దగ్గరికి కాకుండా, ఫోన్లో పదేపదే ప్రకటన కనిపించిన ఒక కాస్మెటిక్ క్లినిక్‌కి వెళ్ళాను. హైదరాబాద్‌లో ఉంది, పేరు అనవసరం. లోపల సెంటు వాసన, గ్రీన్ టీ, మెత్తటి సోఫా. గంట కూర్చుంటే వచ్చింది డాక్టరు కాదు, కౌన్సిలర్ అట. నా చొక్కా కూడా ఎత్తించకుండానే "లైపో చేసేద్దాం సార్, పొద్దున వస్తే సాయంత్రం ఇంటికెళ్ళిపోవచ్చు, మూడో రోజు ఆఫీసు" అంది. లైపోసక్షన్ కొవ్వుని పీలుస్తుంది, నాకు మిగిలింది తోలు కదమ్మా అని అడిగితే "అది కూడా టైట్ అయిపోతుంది సార్" అంది. ఉన్న కాస్త కొవ్వూ లాగేస్తే ఖాళీ తోలు ఇంకా జారుతుందని తర్వాత తెలిసింది. ఆపరేషన్ ఎవరు చేస్తారని అడిగితే "మా సీనియర్ టీమ్" అన్నారు. ఆ సీనియర్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ డిగ్రీ ఉందా, డీఎన్‌బీ ఉందా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత అంటే సమాధానం లేదు. నెలాఖరులోపు అడ్వాన్సు కడితే ముప్పై వేలు తగ్గింపు, వడ్డీ లేని ఈఎంఐ అన్నారు. అప్పులిచ్చే ఉద్యోగం నాది. నెలాఖరు టార్గెట్ మొహం ఎలా ఉంటుందో నాకొకరు చెప్పాలా? లేచి వచ్చేశాను. గ్రీన్ టీ మాత్రం బాగుంది.

అక్టోబరులో విశాఖపట్నం వెళ్ళాను. ఈసారి ఒక ఆసుపత్రిలో పనిచేసే ప్లాస్టిక్ సర్జన్. యాభై దాటిన ఆవిడ, మాట తక్కువ. ముందు నా బరువు చరిత్రంతా అడిగారు. అత్యధికం ఎంత, ఇప్పుడెంత, ఎన్నాళ్ళుగా ఇక్కడే ఆగింది, ఏం తింటున్నారు, సిగరెట్టుందా. రోజుకి రెండు, భోజనం తర్వాత అన్నాను. మా ఆవిడ నావైపు చూసింది. ఆవిడ లెక్కలో అది సున్నా మరి.

తర్వాత చొక్కా విప్పించి నిలబెట్టారు, కూర్చోబెట్టారు, పడుకోబెట్టి తల మాత్రం పైకెత్తమన్నారు. అలా ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బింది. ఆ చోట వేళ్ళు పెట్టి నొక్కి చూశారు. లోపలి నిలువు కండరాలు రెండూ రెండు వేళ్ళ మేర విడిపోయాయట. కాన్పులైన ఆడవాళ్ళకే అనుకునేవాణ్ణి, పెద్ద పొట్ట మోసిన మగవాళ్ళకీ అవుతుందట. బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో చూడటానికి స్కాన్ రాశారు. అద్దం ముందు నిలబెట్టి, మడతని రెండు చేతులతో పైకెత్తి, మార్కర్‌తో తుంటి నుంచి తుంటి దాకా ఒక గీత గీశారు. ఆ గీత అంత పొడుగుంటుందని నేను ఊహించలేదు. వీపు వైపుకి తిరిగిపోయింది.

"ఇది మచ్చ," అన్నారు ఆవిడ. "మడత నాకిచ్చి మీరు మచ్చ తీసుకుంటున్నారు. ఆ బేరం మీకు నచ్చితేనే మిగతాది మాట్లాడుకుందాం."

ఆ తర్వాత చాలాసేపు కాగితం మీద బొమ్మలు వేసి చెప్పారు. వేలాడే తోలుని మాత్రం కోసి తీసేసి కుట్టేస్తే అది చిన్న పని, దాన్ని పానిక్యులెక్టమీ అంటారు. రాష్ పోతుంది, ఆకారం పెద్దగా మారదు. అబ్డామినోప్లాస్టీ అంటే తోలు తీయడంతోపాటు, విడిపోయిన కండరాల్ని దగ్గరికి లాగి లోపల కుట్లు వేసి, పైతోలుని దుప్పటి లాగినట్టు కిందికి లాగి కుట్టడం. బొడ్డు తన కాడ మీద ఉన్నచోటే ఉంటుంది, కిందికి లాగిన తోలులో దానికి కొత్త కన్నం చేస్తారు. నాలా ఎక్కువ తగ్గినవాళ్ళకి పైపొట్ట అడ్డంగా కూడా వదులుగా ఉంటుంది కాబట్టి, మధ్యలో నిలువు కోత కూడా అవసరం కావచ్చు. అప్పుడు మచ్చ తలకిందులైన టీ అక్షరంలా ఉంటుంది. ఆ రెండు గీతలూ కలిసే మూల దగ్గరే గాయం మానడం ఆలస్యమవుతుందట. బరువెంత తగ్గుతానని అడిగాను. "రెండు మూడు కిలోలు. దీన్ని బరువు తగ్గే ఆపరేషన్ అనుకోకండి" అన్నారు.

ప్రమాదాల గురించి ఆవిడ దాచలేదు, తగ్గించీ చెప్పలేదు. తోలు కింద నీరు చేరవచ్చు, అందుకే కొన్నాళ్ళు డ్రెయిన్ గొట్టాలు ఉంచుతారు. చీము పట్టవచ్చు, కుట్లు విడవచ్చు, అంచు తోలు నల్లబడి చచ్చిపోవచ్చు. కింది పొట్ట మొద్దుబారి, స్పర్శ తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు, కొంతమేర మొద్దు అలాగే మిగిలిపోవచ్చు. అన్నిటికంటే ఆవిడ భయపడేది కాలి రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరడం గురించి. అందుకే ఆపరేషనైన రోజో మర్నాడో లేపి నడిపిస్తారు, రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇస్తారు. సిగరెట్టు కనీసం నెల ముందు పూర్తిగా మానాలి. నికోటిన్ రక్తనాళాల్ని ముడుస్తుంది, అసలే లాగి కుట్టిన తోలుకి రక్తం అందకపోతే గాయం మానదు. "ఒకటి తాగి వచ్చినా టేబుల్ మీద నుంచి దింపేస్తాను" అన్నారు. నవ్వారో లేదో మాస్కులో తెలియలేదు.

ఖర్చు, ఆసుపత్రి గదితో కలిపి రెండు లక్షల ఎనభై వేలన్నారు. దాని మీద జీఎస్టీ విడిగా. వైద్యానికి జీఎస్టీ ఉండదు కదా అనుకున్నాను. మామూలు వైద్యానికి లేదు గానీ, పుట్టుకతో వచ్చిన లోపమో దెబ్బో లేకుండా చేసే కాస్మెటిక్ సర్జరీకి ఉంటుందట. ఇన్సూరెన్సు కాగితాలు ఆ రాత్రి హోటల్ గదిలోనే తీశాను. మా పాలసీలో మినహాయింపుల జాబితాలో ఎనిమిదో కోడ్ ఇదే. రూపం మార్చే ఏ సర్జరీకీ డబ్బివ్వరు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేసేదైతే తప్ప, లేదా ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ముప్పుందని చూసిన డాక్టరు రాసిస్తే తప్ప. నా రాష్ 'తక్షణ ముప్పు' కిందికి వస్తుందా? చర్మం డాక్టరు చీటీలు, ఫోటోలు, సర్జన్ ఉత్తరం అన్నీ జతచేసి పంపాను. పది రోజులకి రెండు లైన్ల సమాధానం వచ్చింది. కాస్మెటిక్, వర్తించదు. లోన్ రిజెక్ట్ చేసేటప్పుడు మేం కూడా రెండు లైన్లే రాస్తాం. ఇప్పుడిప్పుడే మూడో లైను కూడా రాస్తున్నాను.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. మా అమ్మ, "ఒకసారి కోయించుకుని బతికి బట్టకట్టావు. చొక్కా వేసుకుంటే ఎవడికి కనిపిస్తుందిరా? ప్రాణం మీదికి తెచ్చుకోకు" అంది. మా బావమరిది, "మూడు లక్షలంటే స్థలానికి అడ్వాన్సు వస్తుంది బావా" అన్నాడు. మా ఆవిడ మాత్రం అవునూ కాదూ అనలేదు. ఆరు వారాలు బరువు ఎత్తకూడదంటే సిలిండర్ ఎవరు మారుస్తారు, సెలవెంత ఉంది, డ్రెయిన్ సీసాలో నీరు ఎవరు కొలవాలి, ఇవే అడిగింది. చివర్లో, "నాకోసమైతే అక్కర్లేదండి. మీకోసమైతే నేను ఆపను" అంది. పదేళ్ళు చూసిన పొట్ట అది. ఆవిడకి అక్కర్లేదన్నది నిజమేనని నాకు తెలుసు. అందుకే ఆ మాట తర్వాత నిర్ణయం ఇంకా కష్టమైంది. అక్కర్లేనిది నాకెందుకు కావాలో నాకే సరిగ్గా చెప్పుకోవాల్సి వచ్చింది.

సర్జన్ గారు తన పాత పేషెంటు ఒకాయన నంబరు, ఆయన ఒప్పుకున్నాకే ఇచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే మూడేళ్ళు పెద్ద. ఫోన్లో గంట మాట్లాడాడు. మొదటి వారం నడుం నిటారుగా నిలవదట, ముసలాయనలా వంగి నడవాలి, నిలబడితే కుట్లు లాగుతాయి. పడుకోవడం కూడా వీపు కింద దిళ్ళు పెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి సగం కూర్చున్నట్టే. డ్రెయిన్ సీసాలు రెండూ లుంగీ మొలకి దోపుకుని తిరిగేవాడట. తుమ్ము వస్తే దేవుడు కనిపించాడన్నాడు. ఆ టీ మూల దగ్గర అంగుళం మేర కుట్టు విడిపోయి, ఐదు వారాలు రోజూ డ్రెస్సింగు. "మరి చేయించుకున్నందుకు బాధపడ్డారా?" అని అడిగాను. కాసేపు ఆగి, "ఆ ఐదు వారాలూ రోజూ పడ్డాను. ఇప్పుడు బనీను లేకుండా మేడ మీద పడుకుంటున్నాను మేస్టారూ" అన్నాడు. నేను మేస్టారిని కాదని చెప్పలేదు.

అంతా తేలిపోయింది, సంక్రాంతి తర్వాత తేదీ అడుగుదాం అనుకుంటుండగా రక్తపరీక్షలొచ్చాయి. హిమోగ్లోబిన్ 10.2, మగవాళ్ళకి 13 ఉండాలి. రక్తంలోని ప్రొటీన్ ఆల్బుమిన్ 3.1, అది మూడున్నర పైన ఉండాలి. ఐరన్ నిల్వలు అడుగంటాయి. తప్పు నాదే. చిన్న కడుపులో ముందు ప్రొటీన్ పెట్టమని స్లీవ్ చేసినవాళ్ళు చెప్పారు. నేను రెండు ఇడ్లీలతో నింపేసి హమ్మయ్య అనుకునేవాణ్ణి. ఐరన్ మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని ఎనిమిది నెలల కిందటే మానేశాను. బరువు తగ్గడమే ఆరోగ్యం అనుకుని లోపల డొల్లవుతున్న సంగతి చూసుకోలేదు. సర్జన్ గారు ఫోన్లో, "ఈ అంకెలతో కోస్తే మీ గాయం మానదు. బరువు ఆగి ఆరు నెలలు కూడా నిండలేదు. మూడు నెలల తర్వాత కనపడండి" అన్నారు. మొదట ఉసూరుమన్నాను. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

ఆ మూడు నెలలూ ఐరన్ సెలైన్లో ఎక్కించుకున్నాను. పొద్దున మూడు గుడ్లు, మధ్యాహ్నం చేపో చికెనో, రాత్రి పెరుగులో ప్రొటీన్ పొడి. అన్నం చివర్లో చోటుంటే. సిగరెట్టు మానేశాను, ఈ ఒక్క లాభం చూసి మా అమ్మ కూడా ఆపరేషన్ చేయించుకోమంది. జనవరిలో మళ్ళీ పరీక్షలు చేస్తే హిమోగ్లోబిన్ 12.9, ఆల్బుమిన్ 3.8. బరువు 78న్నర. "ఇప్పుడు చేయొచ్చు. చేయాలని కాదు, చేయొచ్చు" అన్నారు సర్జన్ గారు.

ఇప్పుడు చేయించుకుంటే ఆ తర్వాత ఆరు వారాలు పొట్టకి కట్టుకోవాల్సిన బిగుతు బెల్టు సరిగ్గా మా ఊరి ఎండల్లోకి పడుతుంది. కార్తీకం వెళ్ళాక అయితే చలికాలం, సెలవులు కూడా కలిసొస్తాయి. మచ్చ ఎరుపు తగ్గడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుందట. అంటే 2027 పుష్కరాలకి ఎర్ర గీతతోనే గోదాట్లో దిగాలి. దానికి నాకు అభ్యంతరం లేదని, ఈ మధ్య ఒకరోజు హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని నిలబడి ఉండగా తెలిసింది. తేదీకి మాత్రం ఇంకా ఫోన్ చేయలేదు.

పోయిన ఆదివారం టైలర్ దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ అదే టేపు, అదే ప్రశ్న.

"కిందే పెట్టు," అన్నాను.

"రెండూ అలాగే కుట్టేయమంటారా?"

"ఒక్కటే కుట్టు."

రెండో గుడ్డ ఇంకా సంచిలోనే ఉంది.